ఆపు అంటే ఆపే

ఆ యార్డులో ఓడలు కడతారు. పొద్దున గేట్లు తీసింది మొదలు అక్కడ ఇనుము ఇనుమును కొరుకుతూనే ఉంటుంది. ఒక పక్క గ్రైండర్లు, ఒక పక్క గాలిసుత్తులు, ఇంకో పక్క తుప్పు వదిలించడానికి ఓడ ఒంటిమీద ఇసుక చిమ్మే గొట్టాలు. ఆ రొదలో ఎదుటి మనిషి పెదాలు కదలడం కనిపిస్తుంది తప్ప మాట వినిపించదు. అందుకని అందరి నడుముకీ ఒక వాకీటాకీ, అందరి భుజానికీ చుట్టలు తిరిగిన వైరుతో వేలాడే ఒక మైకు. ఆ వాకీటాకీల్లో రోజు మొత్తం మీద ఎక్కువసార్లు వినిపించే మాట ఏదయ్యా అంటే, "మళ్ళీ చెప్పు."

ఆ మాట ఎక్కువగా అనేది డేగ. అనిపించుకునేది కేకల మేస్త్రీ.

డేగ అంటే పెద్ద క్రేను నడిపే ఆవిడ. ఆకాశంలో వేలాడే గాజుగదిలో కూర్చుని కిందికి చూస్తూ ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. కేకల మేస్త్రీ కింద నిలబడి, కొక్కేనికి వేలాడే బరువును ఎటు తిప్పాలో ఎంత దింపాలో ఆవిడకు చెప్పే మనిషి. పైనున్న ఆవిడకు బరువు కింద ఏముందో కనిపించదు. ఆయన చెప్పిందే ఆవిడకు చూపు. మైకు ఉన్నా లేనట్టే కాబట్టి ఏళ్ళ తరబడి అరిచి అరిచి ఆయన గొంతు రంపం ఆడించినట్టు తయారైంది. ఇంట్లో కూడా అదే గొంతు. "మంచినీళ్ళు ఇవ్వమంటే కూడా ఓడ ఎత్తుతున్నట్టే అడుగుతాడు" అని భార్య నలుగురిలో నవ్వుతూ అంటూ ఉండేది.

ఒకరోజు ఓ పెద్ద ఇనపపలక కిందికి దిగుతోంది. "దింపు, దింపు" అంటూ వచ్చిన మేస్త్రీ, పలక కింద దిమ్మలు సర్దుతున్న ఫిట్టరు ఇంకా బయటికి రాలేదని చూసి "ఆపు!" అన్నాడు. సరిగ్గా అదే క్షణంలో పక్కన గాలిసుత్తి మొదలైంది. ఆ మాటలో మొదటి అక్షరాన్ని సుత్తి మింగేసింది. చివరి 'పు' ఒక్కటే డేగ చెవిన పడింది. అప్పటిదాకా విన్నది 'దింపు' కాబట్టి ఆవిడ దింపింది. ఫిట్టరు పక్కకు దూకాడు గనక బతికిపోయాడు. అతని పనిముట్ల పెట్టె మాత్రం రేకుముక్కలా అణిగిపోయింది.

ఆఫీసువాళ్ళు ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టారు. 'ఆపు', 'దింపు' ఒకలాగే వినిపిస్తున్నాయి కాబట్టి ఇకమీదట 'ఆపు' బదులు 'చాలు' అనమన్నారు. మర్నాడే మేస్త్రీ "చాలు" అన్నాడు. డేగకు "కాలు" అని వినిపించింది. ఎవరి కాలో నలిగిందనుకుంది. బరువును గబగబా పైకి లాగేసి సైరన్ మోగించింది. యార్డు యార్డంతా పరుగెత్తుకొచ్చింది.

"ఎవరి కాలు?" అని పైనుంచి ఆవిడ.

"ఎవరి కాలూ కాదు తల్లీ, చాలు!" అని కిందనుంచి ఆయన.

"ఏం కాలు? కుడిదా, ఎడమదా?"

ఆంబులెన్సు వచ్చి, ఎక్కించుకోవడానికి ఎవరూ లేక, తిరిగి వెళ్ళిపోయింది. ఆ ఉపాయం అంతటితో చెల్లిపోయింది. ఆ తర్వాత ఆఫీసు ఇంకో నియమం పెట్టింది. పెద్ద బరువు ఎత్తేటప్పుడల్లా చుట్టుపక్కల మెషిన్లన్నీ ఆపెయ్యాలి. దాంతో రోజులో సగం యార్డు చేతులు కట్టుకుని కూర్చునేది. పనులు నత్తనడక నడిచాయి. మైకులన్నీ మూటగట్టి, తయారుచేసిన కంపెనీకి వెనక్కి పంపెయ్యాలనే మాట కూడా వచ్చింది.

ఆ కంపెనీలో డిజైనరుగా పనిచేసేది మేస్త్రీ మేనకోడలే. ఇంట్లో ఈమె అక్క 'పెద్దది' కాబట్టి ఈమె 'చిన్నది'. నలభై దాటినా, ముక్కు మీదికి కళ్ళద్దాలు వచ్చినా, చుట్టాలందరికీ ఆమె చిన్నదే.

సెలవురోజు చిన్నది మామయ్య ఇంటికి భోజనానికి వెళ్ళింది. వెళ్ళేసరికి ఇల్లు విచిత్రంగా నిశ్శబ్దంగా ఉంది. మామయ్య కుర్చీలో కూర్చుని, ఆమెను చూసి చెయ్యి ఊపాడు. నోరు విప్పలేదు.

"మౌనవ్రతమా?" అంది చిన్నది.

"వ్రతం కాదే, డాక్టరు ఆర్డరు" అంది అత్తయ్య. ఆవిడ నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "గొంతులో కాయలు కాశాయట. ఇంకా అరిస్తే మాటే పడిపోతుందన్నాడు. యార్డులో ఆ సంగతి తెలిసింది. కొత్త ఓడమీద దాన్ని నడిపే పెద్ద గది ఎక్కించేదాకా ఈ పనిలో ఉంచి, ఆ తర్వాత సామాన్ల కొట్టులో వేస్తారట."

"బోల్టులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటా" అన్నాడు మామయ్య, గుసగుసగా. ఆ గుసగుసలో కూడా గరగర వినిపించింది. "ఇన్నేళ్ళు ఓడలు ఎత్తినవాణ్ణి."

"నువ్వు మాట్లాడకు" అంది అత్తయ్య.

"ఒక్క మాట అడగనీ దీన్ని. ఏమే అమ్మడూ, ఆ మైకు మీ కంపెనీదేగా? నాకు తెలియక అడుగుతాను, ఎవరికోసం చేశారే దాన్ని?"

చిన్నది తినబోతున్న ముద్ద కంచంలో పెట్టేసింది. "బయటి మోడల్ చూసి మావాళ్ళు నకలు దింపేశారు మామయ్యా. దానికి దగ్గరేదో దూరమేదో తెలీదు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళ మాటే వింటుంది."

"నాలాంటివాడి కోసమే చేశారన్నమాట" అన్నాడాయన.

తిరిగి ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఆమెకు ఆ మాటే చెవిలో తిరిగింది. తనను చిన్నప్పుడు భుజాన వేసుకుని సందంతా తిప్పిన మనిషి. పాడైన రేడియో ఒకటి ఒళ్ళో పెట్టి "విప్పి చూడు, ఏం కాదు" అని ధైర్యం చెప్పిన మొదటి మనిషి. ఆయన గొంతు తమ మైకు మూలంగా పోతోంది. అది ఆమెకు సిగ్గుగా అనిపించింది. ఆ సిగ్గులోంచి పట్టుదల పుట్టింది.

కంపెనీ యజమానిని పనివాళ్ళు చాటుగా 'సైలెన్సర్' అంటారు. ఆయన మాటలు అంత పొదుపు. చిన్నది వెళ్ళి ఆయన ముందు నిలబడి, రొద మధ్య మాట వినే మైకు తానే తయారుచేస్తానంది.

"బయట దొరకదా?" అన్నాడాయన.

"దొరుకుతుందండీ. టేబుల్ ముందు కూర్చుని ఫోనులో మాట్లాడేవాళ్ళకి. క్రేను కింద నిలబడేవాళ్ళకి దొరకదు."

ఆయన కాసేపు కిటికీలోంచి చూశాడు. తర్వాత తల ఊపాడు. అది సంతకం పెట్టినంత.

చిన్నది ఎంచుకున్న దారి పాతదే, నమ్మకమైనదే. మైకు లోపల ఒక పల్చటి పొర ఉంటుంది. ధ్వని వచ్చి దాన్ని నెడితే అది కదులుతుంది, ఆ కదలికే మాటగా మారుతుంది. మామూలు మైకులో ఆ పొరకు ముందు ఒక్కటే తలుపు. చిన్నది వెనక కూడా ఒక తలుపు పెట్టింది. దూరంనుంచి వచ్చే రొద రెండు తలుపుల్లోంచీ ఒకే బలంతో నెడుతుంది. సమ ఉజ్జీలు ఇద్దరు చెరో వైపునుంచి తోస్తే కదలని తలుపులాగా పొర కదలదు. పెదాల పక్కనుంచి వచ్చే మాట మాత్రం ముందు తలుపును గట్టిగా, వెనక తలుపును మెల్లగా నెడుతుంది. కాబట్టి మాట మిగులుతుంది, రొద మాయమవుతుంది. చెప్పడానికి ఇంతే. ఆ తలుపులు ఎంత పెద్దవి ఉండాలి, ఎంత దూరంలో ఉండాలి, వాటిమీద ఏ బట్ట వెయ్యాలి అనేదానికి తల ప్రాణం తోకకొచ్చింది.

కంపెనీలో 'మూగగది' అని ఒకటుంది. గోడలనిండా, పైకప్పునిండా స్పాంజి ముళ్ళు. అందులో చప్పట్లు కొట్టినా చప్పుడు తిరిగి రాదు. యార్డు రొదను రికార్డు చేసి తెచ్చి, ఆ గది నాలుగు మూలలా పెద్ద స్పీకర్లు పెట్టి మోగించింది. మధ్యలో స్టాండుకు మైకు బిగించి, తాను చెవులు మూసుకుని దాని ముందు నిలబడింది. బయట హెడ్‌ఫోన్లు పెట్టుకుని అచ్చుల ఆయన కూర్చున్నాడు. మైకుల ప్లాస్టిక్ తొడుగులకు అచ్చులు చేసేది ఆయనే. అచ్చు మార్చమంటే చాలు, ఆస్తి రాసివ్వమన్నట్టు మొహం పెడతాడు.

లోపల భూమి బద్దలయ్యే రొద. చిన్నది మామూలు గొంతుతో, పక్కింటావిడతో మాట్లాడుతున్నట్టు అంది. "ఈయన చేసిన అచ్చు ఎడమ పక్క కాస్త వంకరగా ఉన్నట్టుంది."

తలుపు ధడేలున తెరుచుకుంది. "ఎక్కడ వంకర? చూపించండి ఎక్కడ వంకరో!" అంటూ అచ్చుల ఆయన లోపలికి దూసుకొచ్చాడు.

చిన్నది పగలబడి నవ్వింది. విషయం అర్థమయ్యేసరికి ఆయనా నవ్వాడు.

అంత గొప్ప మైకును యార్డుకు తీసుకెళ్తే పరువు పోయింది.

మామయ్య దాన్ని పట్టుకుని "డేగమ్మా, వినిపిస్తోందా?" అన్నాడు. జవాబు రాలేదు. మళ్ళీ అన్నాడు. ఈసారి గొంతు చీల్చుకుని అన్నాడు. పైనుంచి డేగ మాట వచ్చింది. "మేస్త్రీ, ఇంతకుముందు నీ మాట సగం వినిపించేది. ఇప్పుడు నీ మాట తప్ప అన్నీ వినిపిస్తున్నాయి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మామయ్య నవ్వలేదు. మేనకోడలి మొహం చూసి, మైకును జాగ్రత్తగా ఆమె చేతిలో పెట్టి, "మొదటిసారేగా" అన్నాడు. ఆయన అలా అనకుండా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది చిన్నదానికి.

కంపెనీలో సైలెన్సర్ అంతా విని ఒక్క ముక్కలో తేల్చాడు. "ఆపేద్దాం."

"ఒక్క అవకాశం ఇవ్వండి. ఎందుకు పోయిందో కూడా తెలుసుకోకుండా ఆపితే ఎలాగండీ?"

ఆయన మళ్ళీ కిటికీలోంచి చూశాడు. ఈసారి తల ఊపలేదు, అలాగని అడ్డంగా తిప్పనూ లేదు. దాన్నే అవకాశం అనుకుని చిన్నది తన బల్ల దగ్గరికి వచ్చింది.

మైకును విప్పబోతూ బట్టతో తుడిచింది. బట్ట నల్లగా అయింది. గ్రీజు. ముందువైపు ఒక్క చుక్క లేదు. వెనకవైపు మాత్రం మందంగా, అరచెయ్యి ఆకారంలో, వెనక తలుపు చిల్లుల్లోకి కూరుకుపోయి ఉంది. చిన్నది బట్ట కింద పెట్టింది. మైకును తన చేతిలోకి తీసుకుని, మామయ్య పట్టుకున్నట్టు పట్టుకుంది. అరచెయ్యి సరిగ్గా ఆ చిల్లులమీద పడింది.

ఆమె తలమీద తానే మొట్టుకుంది. మూగగదిలో మైకును పట్టుకున్నది స్టాండు. యార్డులో పట్టుకున్నది మనిషి. అదీ దళసరి గ్లౌజు వేసుకున్న, ఇంత మందాన ఉన్న చెయ్యి. వెనక తలుపు మూసేస్తే ఇంకేముంది, రొద ముందు తలుపులోంచి అడ్డూఆపూ లేకుండా లోపలికి వస్తుంది. ఇన్ని నెలలు ఆమె నోటి గురించి, చెవి గురించి, ఇసుక గొట్టాల గురించి ఆలోచించింది. చెయ్యి ఒకటి ఉంటుందనే ఆలోచించలేదు.

"సరిగ్గా పట్టుకోమని చెబితే పోదా?" అన్నాడు సైలెన్సర్. ఆయన అంత పొడుగు వాక్యం మాట్లాడటం అరుదు.

"తల మీద ఇంత బరువు వేలాడుతుంటే మైకును ఎక్కడ పట్టుకున్నానా అని ఎవరు చూసుకుంటారండీ? ఎలా పట్టుకున్నా పనిచెయ్యాలి. లేకపోతే అది మైకే కాదు."

ఆమె యార్డుకు వెళ్ళి కొన్నాళ్ళపాటు చేతులు చూసింది. కొందరు మైకును పిడికిట్లో బిగిస్తారు. కొందరు రెండు వేళ్ళతో పుల్లలా పట్టుకుంటారు. ఒకాయనైతే భుజంమీద ఉన్నదాన్ని ఉన్నచోటే ఉంచి, గడ్డం వంచి మాట్లాడతాడు. వాళ్ళు పారేసిన పాత గ్లౌజులు అడిగి తెచ్చుకుని, వాటినిండా మట్టి కూరి, వేళ్ళు రకరకాలుగా వంచి, మూగగదిలో స్టాండ్లకు బిగించింది. పొద్దున తాళం తీసిన అచ్చుల ఆయన, చీకట్లోంచి తనవైపు చాచి ఉన్న అన్ని చేతుల్ని చూసి కెవ్వున అరిచాడు. ఆ గదిలో ఆ కేక కూడా తిరిగి రాలేదు.

మైకు ఆకారం పూర్తిగా మారింది. రెండు తలుపులూ ఉన్న భాగాన్ని పిడికిలి అందనంత పైకి, మూతిలా ముందుకు పెట్టింది. దాని కింద కూజా మెడలా సన్నం చేసి, ఆ మెడ చుట్టూ ఒక పట్టీ తిప్పింది. చెయ్యి ఎంత జరిగినా ఆ పట్టీ దగ్గర ఆగిపోతుంది. ముందువైపు చిన్న అంచు ఒకటి పెట్టింది. అది పై పెదవికి తగిలిందంటే మైకు ఉండాల్సినంత దగ్గరలో ఉన్నట్టు. చీకట్లోనైనా, కళ్ళు బరువుమీద ఉన్నా, పెదవికి తెలుస్తుంది.

"మళ్ళీ అచ్చా?" అన్నాడు అచ్చుల ఆయన.

"మళ్ళీ అచ్చే."

"ఈ మెడ దగ్గర ప్లాస్టిక్ విరుగుతుందండీ."

"విరక్కుండా మీరు చేస్తారని తెలిసే గీశాను."

ఆయన గొణుక్కుంటూ వెళ్ళి, లోపల సన్నటి ఉక్కు పలక ఒకటి పెట్టి, సుత్తితో కొట్టినా విరగనిది తెచ్చి ఆమె బల్లమీద ఠంగుమని పెట్టాడు. ఇప్పుడు వంకర చూపించమన్నట్టు నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

యార్డులో రెండోసారి పెట్టిన పరీక్ష మొదట్లో బాగానే సాగింది. మాట స్పష్టంగా వెళ్ళింది. ఇంతలో సముద్రం వైపునుంచి గాలి లేచింది. "మేస్త్రీ, ఈ వయసులో ఈలలు వేస్తున్నావేంటి?" అంది డేగ పైనుంచి. మైకు మెడలోకి గాలి దూరి ఈల వేస్తోంది. చిన్నది అక్కడే ఒక మూల కూర్చుని స్పాంజి ముక్క కత్తిరించి లోపల కుదిర్చింది. దానిపైన సన్న జాలీ బిగించింది. ఈల ఆగింది.

అయినా ఆమె మొహంలో వెలుగు రాలేదు. మాట వెళ్తోంది గాని మామయ్య అరుస్తూనే ఉన్నాడు. "మెల్లగా మాట్లాడు మామయ్యా, వినిపిస్తుంది" అంటే, "మెల్లగానే మాట్లాడుతున్నానే!" అని అరిచాడు. ఆ అరుపుకు మైకు లోపలి పొర తట్టుకోలేక మాట పగిలిపోతోంది. అంతకంటే ముఖ్యం, ఆయన గొంతు పగిలిపోతోంది.

చిన్నది కూడా ఆయనలాగే చెవులకు రొద ఆపే కప్పులు పెట్టుకుని, మైకు తీసుకుని, ఆయన పక్కన నిలబడి డేగతో మాట్లాడింది. కాసేపటికి గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. అప్పుడు తెలిసింది, తానూ అరుస్తోంది. ఎందుకంటే తన మాట తనకు వినిపించడం లేదు. తన గొంతు తన చెవికి చేరనప్పుడు మనిషికి తాను మాట్లాడాననే నమ్మకం కలగదు. అందుకని ఇంకొంచెం పెంచుతాడు. ఇంకొంచెం పెంచుతాడు.

ఈసారి మందు తేలిగ్గానే దొరికింది. మైకు పట్టుకున్న మాటలో కాస్త భాగాన్ని మాట్లాడేవాడి చెవికప్పులోకే తిప్పి పంపింది. టెలిఫోనులో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. యార్డు మనిషికి కూడా అది కావాలని ఎవరికీ తోచలేదు, అంతే.

మళ్ళీ వెళ్ళింది. చుట్టూ గ్రైండర్లు నిప్పులు కక్కుతున్నాయి. మామయ్య కప్పులు పెట్టుకుని, అంచు పెదవికి ఆనించి, అలవాటుగా ఊపిరి నిండా పీల్చుకుని, "డేగమ్మా!" అని అరవబోయి, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. వెనక్కి తిరిగి చూశాడు.

"ఎవరే మాట్లాడింది?"

"నువ్వే మామయ్యా."

ఆయన నమ్మలేదు. మైకును పెదవికి ఆనించి, ఈసారి మెల్లగా, "ఒకటి" అన్నాడు. విన్నాడు. "రెండు" అన్నాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇంత గరుగ్గా తయారైందా నా గొంతు" అన్నాడు. అప్పుడు, మోటుగా ఉన్న వస్తువును నేర్పుగా పట్టుకున్నట్టు, ఆ గొంతును పట్టుకుని ఇంకాస్త కిందికి దించాడు. భోజనాల దగ్గర మాట్లాడే గొంతుకు తెచ్చాడు.

"డేగమ్మా, కొక్కెం కొంచెం ఎడమకి."

పైన క్రేను చెయ్యి మెత్తగా ఎడమకు జరిగింది. ఆవిడ 'మళ్ళీ చెప్పు' అనలేదు. "మేస్త్రీ, నీకు జలుబు చేసిందా? ఊపిరి పీల్చడం కూడా వినిపిస్తోంది" అంది.

ఆ రోజు సైలెన్సర్ కూడా వచ్చి, ఒక మూల నిలబడి, వాకీటాకీ చెవికి ఆనించుకుని విన్నాడు. వెళ్తూ వెళ్తూ చిన్నదాని దగ్గర ఆగి, "చేద్దాం" అన్నాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి, "బాగా చేశావమ్మా" అన్నాడు. అచ్చుల ఆయన ఆ సంగతి కంపెనీలో వారంపాటు చెప్పుకుని తిరిగాడు.

ఖాళీ కొక్కెంతో మొదలుపెట్టి చిన్న బరువులు, తర్వాత పెద్దవి, మెషిన్లు నడుస్తుండగానే ఎత్తి దింపారు. ఒక్క మాట తప్పుగా వినిపించలేదు. చివరికి అసలు రోజు వచ్చింది.

ఓడను నడిపే గదిని నేలమీదే పూర్తిగా కట్టేశారు. కిటికీలు, మెట్లు, రంగులతో సహా అది నాలుగు ఇళ్ళు కలిపినంత ఉంది. దాన్ని ఒక్క ముక్కగా ఎత్తి ఓడమీద కూర్చోబెట్టాలి. పక్క రేవులో మరమ్మతుకొచ్చిన ఇంకో ఓడ ఆ వారంలోనే వెళ్ళిపోవాలి. అక్కడి పని ఆపడానికి వీల్లేదు. యార్డు పెద్ద, అంటే అక్కడి పనులన్నీ చూసే పై అధికారిణి, కేకల మేస్త్రీని పిలిచి అడిగింది. "ఆ రొదలోనే ఎత్తగలరా? నమ్మకం లేకపోతే ఇప్పుడే చెప్పండి, పని వాయిదా వేస్తాను."

"నా గొంతుమీద నమ్మకం లేదమ్మా. దీనిమీద ఉంది" అని ఆయన మైకు చూపించాడు.

అయినా జాగ్రత్త కోసం జెండాలు పట్టుకుని ఇద్దర్ని నిలబెట్టారు. గది నాలుగు మూలలకూ తాళ్ళు కట్టి, అది గాలికి తిరిగిపోకుండా పట్టుకోవడానికి మనుషుల్ని పెట్టారు. అడ్డంగా కట్టిన తాడు అవతల నిలబడినవాళ్ళలో చిన్నది, అచ్చుల ఆయన, ఇంటిపని అంతా వదిలేసి వచ్చిన అత్తయ్య ఉన్నారు.

"పైకి" అన్నాడు మామయ్య.

ఇనపతాళ్ళు బిగిశాయి. అంత పెద్ద గది నేలను వదిలింది. దాని నీడ మనుషుల తలలమీదుగా జరిగి ఓడమీదికి ఎక్కింది. పక్క రేవులో ఇసుక గొట్టాలు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. చిన్నదాని చేతిలో ఒక వాకీటాకీ ఉంది. అందులోంచి మామయ్య గొంతు పక్కన కూర్చుని చెబుతున్నట్టు వస్తోంది. "కుడికి. ఇంకొంచెం. బాగుంది. ఇక దింపు. దింపు."

అప్పుడు గాలిగొట్టం ఒకటి పగిలింది.

మామయ్యకు పక్కనే, వెయ్యి పాములు ఒక్కసారి బుస కొట్టినట్టు అది లేచి గిలగిలా కొట్టుకుంది. దాని దెబ్బ తగిలి ఒక మూల తాడు పట్టుకున్నవాడు కిందపడ్డాడు. తాడు వదిలేశాడు. ఆకాశంలో ఆ గది మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. అలా తిరుగుతూ ఇంకాస్త దిగితే ఓడ పొగగొట్టానికి తగులుతుంది. దానికింద, గది కూర్చోగానే అతకడానికి, వెల్డర్లు కాచుకుని ఉన్నారు. జెండా పట్టుకున్నవాళ్ళు దుమ్ములో కనిపించలేదు. అత్తయ్య చిన్నదాని చెయ్యి పట్టుకుని నొక్కింది.

వాకీటాకీలోంచి ఒక్క మాట వచ్చింది. అరుపు కాదు, తొందర కాదు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నిండుగా ఉన్న మాట.

"ఆపు."

గది ఆగిపోయింది. దిగడం ఆగి, ఉన్నచోటే వేలాడింది.

"కదపకు. మూడో మూల తాడు జారింది. పట్టుకుంటున్నారు" అన్నాడు మామయ్య. గొట్టం ఇంకా బుసలు కొడుతూనే ఉంది. ఆయన మాట దానిమీద చెయ్యి వేసి తోసేసినట్టు వస్తోంది. పడినవాడు లేచాడు. మరో ఇద్దరు పరుగెత్తి తాడు అందుకున్నారు. గది మెల్లగా తిరిగి తన దిక్కుకు వచ్చింది. ఎవరో గాలి కట్టేశారు. బుస చచ్చిపోయింది. "వెల్డర్లూ, బయటికి రండి. అందరూ వచ్చారా? సరే. డేగమ్మా, ఇక నీదే. దింపు. మెల్లగా. బెత్తెడు. ఇంకో బెత్తెడు. వేలెడు. ఆపు."

ఇనుము ఇనుముమీద కూర్చున్న చప్పుడు కాళ్ళకింద నేలలోంచి తెలిసింది.

"కూర్చుంది" అన్నాడాయన.

యార్డు యార్డంతా ఒక్కసారి అరిచింది. హెల్మెట్లు గాల్లోకి లేచాయి. పక్క రేవువాళ్ళు మెషిన్లు ఆపి మరీ చప్పట్లు కొట్టారు. పైన డేగ సైరన్ పట్టుకుని వదల్లేదు. అరవనిదల్లా కేకల మేస్త్రీ ఒక్కడే. ఆయన మైకును జేబుకు తగిలించుకుని, చెవికప్పులు తీసి, అడ్డంగా కట్టిన తాడు దాటి వచ్చి, మేనకోడలి తలమీద చెయ్యి పెట్టాడు.

"ఏమైనా మాట్లాడు మామయ్యా" అంది చిన్నది, కళ్ళు తుడుచుకుంటూ.

"అవసరమేముందే" అన్నాడు.

సామాన్ల కొట్టు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. యార్డు పెద్ద అక్కడికక్కడే అందరికీ అవే మైకులు కావాలంది. కొత్తవాళ్ళకు క్రేను కింద నిలబడి మాట చెప్పడం ఎలాగో మేస్త్రీయే నేర్పాలంది. సైలెన్సర్ తల ఊపాడు. అచ్చుల ఆయన మాత్రం "అచ్చు ఇక మార్చరుగా?" అని రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు.

మర్నాడు డేగ చిన్నదాన్ని పైకి రమ్మని పిలిచింది. చిన్నదానికి ఎత్తంటే హడల్. మెట్లన్నీ కళ్ళు మూసుకునే ఎక్కింది. గాజుగదిలోకి వచ్చి కళ్ళు తెరిచేసరికి, కింద ఓడ పూర్తి ఆకారంతో, తెల్లటి గదితో, ఎండలో మెరుస్తూ ఉంది. మనుషులు చీమలంత ఉన్నారు. ఇన్నాళ్ళూ ఆమె పని అంతా మాట బయల్దేరే చోటే సాగింది. మాట చేరే చోటికి రావడం ఇదే మొదటిసారి.

"కూర్చో, ఊరికే విను" అంది డేగ, స్పీకరు కాస్త పెంచుతూ.

కింద గ్రైండర్లు మోగుతూనే ఉన్నాయి. అయినా స్పీకర్లో మనుషులు మాట్లాడుకుంటున్నారు. రంగులు వేసే ఒకాయన తెల్లరంగు డబ్బా పంపమన్నాడు. ఇంకెవరో, నిన్నటిది నీ మొహానికే పూసుకున్నావుగా అన్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు అంటుకుని ఇంకో ఇద్దరు నవ్వారు.

డేగ మీటలమీదనుంచి చేతులు తీసి, ఆ నవ్వు అయిపోయేదాకా వింది.

"ఇన్నేళ్ళనుంచి ఇక్కడ కూర్చుంటున్నాను" అంది. "కేకలు వచ్చేవి, తిట్లు వచ్చేవి. నవ్వు ఇంత ఎత్తు ఎక్కి రావడం ఇదే మొదలు."